పాత కార్టూన్ల టైటిల్ మ్యూజిక్ ఎక్కడి నుంచి వచ్చింది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఉన్నది 1928 నుంచి 1970 దాకా అమెరికాలో తయారైన కార్టూన్ల సంగతి. అంటే థియేటర్లో అసలు సినిమాకి ముందు వేసిన ఏడేసి నిమిషాల బొమ్మలు, ఆ తర్వాత టీవీ కోసం తీసిన అరగంట షోలు. మన టీవీల్లో అవి చాలా ఆలస్యంగా వచ్చాయి కాబట్టి, ట్యూన్ వయసు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంటుంది.

ఈ ట్యూన్లన్నీ ఆ కార్టూన్ల కోసమే కట్టినవేనా?

కాదు. వార్నర్ బ్రదర్స్ స్టూడియో కార్టూన్ల వరుస లూనీ ట్యూన్స్ టైటిల్ ట్యూన్ అప్పటికే బజారులో ఉన్న సినిమాయేతర పాట. పింక్ పాంథర్ ట్యూన్ మనుషులు నటించిన సినిమాకి చేసింది. బగ్స్ బన్నీ కార్టూన్లలో యంత్రాలు తిరిగేటప్పుడు వినిపించేది ఒక జాజ్ రికార్డులోని ట్యూన్. పొపాయ్, ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ డూ పాటలు మాత్రం ఆర్డరిచ్చి రాయించినవే.

ఫలానా ట్యూన్ ఫలానా కార్టూన్‌కి ఎందుకు అతుక్కుంది అని వెతుక్కుంటూ వెళితే జవాబు దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే దొరుకుతుంది. ఒకటి, ఆ పాట హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయి. రెండు, ఒక బీటుకి, అంటే తాళపు దెబ్బకి, ఎన్ని ఫ్రేములు (ఫిల్ము మీది ఒక్కో బొమ్మ) పడుతున్నాయి. సంగీత దర్శకుడి అభిరుచి ఆ రెండిటి తర్వాతే.

లూనీ ట్యూన్స్ ట్యూన్ ఎవరిది?

క్లిఫ్ ఫ్రెండ్, డేవ్ ఫ్రాంక్లిన్ కలిసి 1937లో రాసిన 'ద మెర్రీ గో రౌండ్ బ్రోక్ డౌన్' అనే పాటది. రంగులరాట్నం చెడిపోయిందన్న సరదా పాట. మాటలు కూడా ఉన్నాయి, కార్టూన్లో వాద్యాలు మాత్రమే వాయిస్తాయి. అదే ఏడాది చివర్లో లూనీ ట్యూన్స్ టైటిల్స్‌కి ఎక్కింది, 1960ల దాకా దిగలేదు.

దానికంటే ముందు వేరే ట్యూన్లు ఉండేవి. లూనీ ట్యూన్స్ 1930లో మొదలైనప్పుడు టైటిల్స్‌లో వినిపించింది 'ఎ హాట్ టైమ్ ఇన్ ది ఓల్డ్ టౌన్ టునైట్' అనే పాత పాట. నలుపు తెలుపు కాలం నాటి కార్టూన్ చూసి 'ఇది డూప్లికేట్ ప్రింటు, ట్యూన్ మార్చేశారు' అని కామెంట్లు పెడుతుంటారు. మార్చలేదు. అప్పట్లో ఉన్నదే అది.

మెర్రీ మెలడీస్ ట్యూనూ అదేనా?

కాదు. మెర్రీ మెలడీస్ వార్నర్ వాళ్ళదే మరో కార్టూన్ల వరుస, దానిది వేరే పాట. 'మెర్రిలీ వి రోల్ ఎలాంగ్', 1935లో వచ్చింది. రాసినవాళ్ళు చార్ల్స్ టోబియస్, మరే మెంచర్, హాస్యనటుడు ఎడ్డీ కాంటర్. 1936 నుంచి మెర్రీ మెలడీస్‌కి అదే టైటిల్ ట్యూన్. అంతకుముందు 1931 నుంచి 1933 దాకా హెరాల్డ్ ఆర్లెన్, టెడ్ కోలర్‌ల 'గెట్ హ్యాపీ' ఉండేది.

ఇక్కడ ఒక గందరగోళం. 'మెర్రిలీ వి రోల్ ఎలాంగ్' అనే పేరుతోనే ఒక పిల్లల పాట కూడా ఉంది, 'మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లాంబ్' వరసలో పాడతారు. దానికీ దీనికీ సంబంధం లేదు. షీట్ మ్యూజిక్ (స్వరాలు అచ్చేసిన కాగితాలు) డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళు సగం దూరం వాయించాక గానీ తమ దగ్గరున్నది పిల్లల పాటని గుర్తించరు. టోబియస్ పేరు ఉందో లేదో ముందే చూసుకోండి.

బజారు పాటలే ఎందుకు వాడారు? సొంతంగా చేయించుకోలేకపోయారా?

చేయించుకోగలరు. కానీ అసలు ఉద్దేశమే వేరు. టాకీలు వచ్చాక ఇంకొకరి పాటలకి డబ్బు కట్టడం కంటే పాటలు అచ్చువేసే కంపెనీలనే కొనేయడం మేలని వార్నర్ బ్రదర్స్ అనుకుంది. 1929 ప్రాంతంలో విట్మార్క్, హార్మ్స్, రెమిక్ లాంటి ప్రచురణ సంస్థల్ని తన చేతిలోకి తెచ్చుకుంది. ఆ సంస్థల దగ్గర వేల పాటలు. ఆ పాటలు జనం చెవిన పడితే షీట్ మ్యూజిక్, రికార్డులు అమ్ముడవుతాయి.

కార్టూన్ నిర్మాత లియాన్ ష్లెసింజర్ చేసిన మెర్రీ మెలడీస్ ఆ పని కోసమే పుట్టింది. మొదట్లో ప్రతి కార్టూన్‌లోనూ వార్నర్ పాట ఒకటి, కనీసం ఒక పూర్తి పల్లవి, వినిపించి తీరాలి. అందుకే 1931లో వచ్చిన మొట్టమొదటి మెర్రీ మెలడీ పేరు 'లేడీ, ప్లే యువర్ మాండొలిన్!' అన్న పాట పేరే. కథ మధ్యలో కుందేలో కప్పో నిలబడి అకారణంగా పాట ఎత్తుకోవడం ఆ షరతు పుణ్యమే. డైరెక్టర్లకి అది పెద్ద తలనొప్పి, ఎందుకంటే పాట సాగినంతసేపూ కథ ఆగిపోతుంది. మంచి కార్టూన్లు ఆ షరతు సడలిన తర్వాతే వచ్చాయన్నది మా అభిప్రాయం.

టైటిల్ మొదట్లో 'టొయ్‌య్‌య్' మని జారే శబ్దం ఏ వాయిద్యం?

స్టీల్ గిటార్. ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించేది, హవాయి పద్ధతి. వార్నర్ గుర్తు తెర మీదకి దూసుకొస్తుంటే ఆ జారుడు వినిపిస్తుంది. వాయించినది హవాయికి చెందిన ఫ్రెడీ టావారెస్. ఆయనే తర్వాత ఫెండర్ కంపెనీలో చేరి స్ట్రాటోకాస్టర్ గిటార్ రూపకల్పనలో పనిచేశాడు.

కీబోర్డు మీద ఇది రావాలంటే మామూలు గిటార్ టోన్ పనికిరాదు. పిచ్ బెండ్ (శ్రుతిని జార్చే చక్రం) రేంజి మామూలుగా రెండు సెమీటోన్లకే (పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమీటోన్) సెట్ అయి ఉంటుంది, దాన్ని పన్నెండుకి పెంచి చక్రాన్ని ఒక్క విసురులో తిప్పాలి. మెల్లగా తిప్పితే సైరన్‌లా వస్తుంది.

ఫ్యాక్టరీ సీన్లలో, యంత్రాలు గడగడలాడేటప్పుడు వచ్చే ట్యూన్ ఏది?

రేమండ్ స్కాట్ 'పవర్‌హౌస్', 1937. స్కాట్ జీవితంలో కార్టూన్ల కోసం ఒక్క ట్యూన్ కూడా కట్టలేదు. తన బృందానికి క్వింటెట్ అని పేరు పెట్టాడు గానీ అందులో ఆరుగురు ఉండేవాళ్ళు. 1943లో తన పాటల ప్రచురణ హక్కులు వార్నర్‌కి అమ్మాడు. అంతే, అదే ఏడాది నుంచి అది కార్టూన్లలో మోగడం మొదలైంది, నలభైకి పైగా కార్టూన్లలోకి చేరింది. హక్కు చేతికి రావడం, ట్యూన్ తెర మీదకి రావడం పక్కపక్కనే జరిగాయి.

ఆ రికార్డులో రెండు భాగాలున్నాయి. మొదటిది పరుగెత్తే వేగంతో ఉంటుంది. రెండోది అడుగు తర్వాత అడుగు వేస్తున్నట్టు బరువుగా నడుస్తుంది. మనకి గుర్తున్న 'ఫ్యాక్టరీ ట్యూన్' ఆ రెండో భాగం. రికార్డు వెతికి మొదటి ఇరవై సెకన్లు విని 'ఇది కాదు' అని మూసేయకండి. 1990ల చివర్లో కార్టూన్ నెట్‌వర్క్ తన ఛానెల్ ప్రకటనల్లో వాడుకున్నదీ ఇదే.

కార్ల్ స్టాలింగ్ అంటే ఎవరు?

1936 నుంచి 1958 దాకా వార్నర్ కార్టూన్లకి సంగీతం చేసిన మనిషి. అంతకుముందు కాన్సస్ సిటీలో మూకీ సినిమాలకి ఆర్గన్ వాయించేవాడు, 1928 నుంచి కొంతకాలం డిస్నీ దగ్గర పనిచేశాడు. మూకీలకి వాయించే ఆర్గనిస్టుకి తెర మీద ఏది కనిపిస్తే దానికి తగిన పాట ముక్క అప్పటికప్పుడు అందుకోవాల్సి ఉండేది. ఆ అలవాటునే ఆయన యాభై మంది ఆర్కెస్ట్రాతో కొనసాగించాడు. ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయి వస్తే 'ద లేడీ ఇన్ రెడ్', తిండి కనిపిస్తే 'ఎ కప్ ఆఫ్ కాఫీ, ఎ శాండ్‌విచ్ అండ్ యూ', తాగుబోతు తూలితే 'హౌ డ్రై యామ్ ఐ'. ఆ పాటలు తెలిసిన అమెరికా ప్రేక్షకుడికి అది రెండో జోకు. మనకి మాత్రం ఆ జోకు అందకపోయినా పని జరిగిపోతుంది, అది ఆయన గొప్పతనం.

ఆయన తర్వాత మిల్ట్ ఫ్రాంక్లిన్, 1962లో ఫ్రాంక్లిన్ చనిపోయాక బిల్ లావా. లావా కాలంలో టైటిల్ ట్యూన్‌ని కొత్తగా, గరుకుగా మార్చారు. ఆ మార్పు మెచ్చుకున్నవాళ్ళు మాకు పెద్దగా తగల్లేదు.

సంగీతం అడుగు అడుగుకీ అంత కచ్చితంగా ఎలా సరిపోయేది?

బొమ్మ గీయకముందే లెక్క కట్టేవాళ్ళు కాబట్టి.

1928లో డిస్నీ 'స్టీమ్‌బోట్ విల్లీ'కి ఇది కష్టంగా నేర్చుకుంది. ఆ కార్టూన్‌ని విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) సాయంతో ముందే తాళానికి కొలిచి పెట్టాడు. కానీ న్యూయార్క్‌లో మొదటి రికార్డింగ్ పాడైంది, ఆర్కెస్ట్రా తెర మీది వేగాన్ని అందుకోలేకపోయింది. రెండోసారి ఫిల్ము మీదే ఒక బంతి గుర్తు ఎగిరి పడేలా ముద్రించారు. కండక్టర్ సంగీతాన్ని కాక ఆ బంతిని చూసి చేయి ఊపాడు. అప్పుడు కుదిరింది. నవంబర్ 18న కాలనీ థియేటర్లో విడుదలైంది. అందులోని ట్యూన్లు కూడా కొత్తవి కావు. 'టర్కీ ఇన్ ద స్ట్రా' జానపదం, 'స్టీమ్‌బోట్ బిల్' 1910 నాటి పాట.

మరుసటి ఏడాదే బంతి పోయి 'టిక్కు' వచ్చింది. ఫిల్ము సౌండ్ ట్రాక్‌లో నిర్ణీత దూరానికో చిల్లు పొడిస్తే ప్రొజెక్టర్లో అది 'టక్'మంటుంది. ఆ శబ్దాన్ని వాద్యకారుల చెవులకి ఇయర్‌ఫోన్లలో ఇచ్చేవాళ్ళు. 'ద స్కెలిటన్ డాన్స్' (1929) రోజుల్లో ఈ పద్ధతిని స్థిరపరిచినవాళ్ళలో స్టాలింగ్ ఒకడు. రికార్డింగ్‌లో తాళం తప్పకుండా వినిపించే ఇప్పటి క్లిక్ ట్రాక్‌కి తాత అదే.

లెక్క చాలా తేలిక. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 1440. దాన్ని ఒక బీటుకి పడే ఫ్రేములతో భాగిస్తే టెంపో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో, వస్తుంది.

8 ఫ్రేములకి ఒక బీటు అంటే నిమిషానికి 180, పరుగు.
10 ఫ్రేములు అంటే 144.
12 ఫ్రేములు అంటే 120, మార్చింగ్ నడక.
16 ఫ్రేములు అంటే 90, దొంగ అడుగులు.

మధ్యలో ఉన్న వేగాలు కావాలంటే ఫ్రేముని ఎనిమిది భాగాలు చేసేవాళ్ళు. ఒక ఫ్రేము పక్కన నాలుగు పళ్ళ రంధ్రాలుంటాయి, వాటిని ఆసరా చేసుకుని ఎనిమిదో వంతు దాకా చిల్లు పొడవచ్చు. '12-4' అని రాస్తే పన్నెండున్నర ఫ్రేములు, నిమిషానికి 115.2 బీట్లు.

ఒక ఉదాహరణ. పిల్లి ఆరు సెకన్లు పరుగెత్తి గోడకి గుద్దుకోవాలి. ఆరు సెకన్లు అంటే 144 ఫ్రేములు. 12 ఫ్రేముల బీటైతే సరిగ్గా 12 బీట్లు, నాలుగేసి చొప్పున మూడు ఆవర్తాలు పూర్తయి, గుద్దుడు తర్వాతి ఆవర్తం మొదటి దెబ్బ మీద పడుతుంది. అదే 10 ఫ్రేముల బీటైతే 14.4 బీట్లు. గుద్దుడు బీటుకీ బీటుకీ మధ్యలో పడి చప్పగా ఉంటుంది. అప్పుడు సంగీతాన్ని సాగదీయరు, పిల్లి పరుగుకి ఆరు ఫ్రేములు కలిపి 150 చేస్తారు. పదిహేను బీట్లు, పదహారోది గోడ. యానిమేటర్ ఆ ఆరు ఫ్రేములు అదనంగా గీస్తాడు.

ఇదే పద్ధతి ఇప్పుడు వాడితే ఎందుకు కుదరడం లేదు?

చాలా సందర్భాల్లో ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని ఫ్రేములు) తేడా. మన దగ్గర ప్రాజెక్టులు 25 ఫ్రేములకి సెట్ చేస్తారు. అప్పుడు 1440 బదులు 1500ని భాగించాలి. 12 ఫ్రేముల బీటు 120 కాదు, 125 అవుతుంది. మ్యూజిక్ చేసే మనిషి 120కి చేసి పంపితే రెండో ఆవర్తంలోనే అడుగులు జారిపోతాయి.

ఇంకో రకం తప్పు బయటపడటానికి టైము తీసుకుంటుంది. ఎడిటింగ్ ప్రాజెక్టు 23.976లో ఉండి, సంగీతం కచ్చితమైన 24కి చేస్తే తేడా వెయ్యింట ఒక వంతే. మొదటి నిమిషంలో ఎవరికీ తెలీదు. ఏడు నిమిషాల చివరికి దాదాపు పది ఫ్రేములు పక్కకి పోయి ఉంటుంది. చివరి దెబ్బ తలకి కాక గాలికి తగులుతుంది. పని మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఫ్రేమ్ రేటు రాతపూర్వకంగా ఒప్పుకోవడం తప్ప దీనికి మందు లేదు.

టామ్ అండ్ జెర్రీ సంగీతం ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కోలా ఎందుకుంటుంది?

చేసినవాళ్ళు వేరు కాబట్టి. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఎంజీఎం స్టూడియోలో 1940 నుంచి తీసిన 114 కార్టూన్లకి ప్రధాన సంగీత దర్శకుడు స్కాట్ బ్రాడ్లీ. మాటలు దాదాపు లేని కార్టూన్లు అవి, కథ చెప్పే బరువంతా సంగీతం మీదే ఉండేది. స్టాలింగ్‌లా పాట ముక్కలు అతికించడం బ్రాడ్లీకి అంతగా ఇష్టం ఉండేది కాదు. సొంత స్వరాలే రాయాలనుకునేవాడు. ఎంజీఎం పాటలు 'ద ట్రాలీ సాంగ్' లాంటివి మధ్యలో వస్తాయి గానీ, వెంటాడే సీన్లలో వినపడేది ఆయన సొంత రచనే. 1944 నాటి 'పుట్టిన్ ఆన్ ద డాగ్'లో కుక్క తల తెగి నడుస్తున్నట్టు కనిపించే హాస్యానికి ఆధునిక సంగీతకర్త షోన్‌బెర్గ్ పన్నెండు స్వరాల పద్ధతిని వాడాడు. కచేరీ హాళ్ళలో జనం లేచి వెళ్ళిపోయిన సంగీతానికి పిల్లలు పడిపడి నవ్వారు. మమ్మల్ని అడిగితే మొత్తం కార్టూన్ సంగీతంలో పై మెట్టు ఈయనదే.

1957లో ఎంజీఎం కార్టూన్ విభాగం మూసేసింది. 1961-62లో జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో 13 తీశాడు. వాటికి సంగీతం ప్రధానంగా ష్టెపాన్ కొనిచెక్ చేశాడు. చిన్న బృందం, గుహలో మోగినట్టుండే శబ్దాలు. 'ఎందుకో భయంగా ఉండే టామ్ అండ్ జెర్రీ' అని మీకు గుర్తుంటే అవే. తర్వాత చక్ జోన్స్ హయాంలో 34 వచ్చాయి. వాటికి మొదట యూజీన్ పాడనీ, తర్వాత డీన్ ఎలియట్. టైటిల్ కార్డులో పేరు చదివితే చాలు, ఏ కాలందో తేలిపోతుంది.

'క్యాట్ కన్సర్టో'లో టామ్ వాయించేది ఏమిటి?

ఫ్రాంజ్ లిస్ట్ హంగేరియన్ రాప్సోడీ, రెండోది. 1947 ఆస్కార్ కార్టూన్. అంతకు కొన్ని నెలల ముందే వార్నర్ వాళ్ళ 'రాప్సోడీ రాబిట్'లో బగ్స్ బన్నీ అదే ముక్క వాయించాడు, జోకులు కూడా దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఎవరిది ఎవరు ఎత్తారని రెండు స్టూడియోలూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నాయి.

పొపాయ్ పాట?

సామీ లెర్నర్ రాసింది, 1933లో ఫ్లైషర్ స్టూడియో మొదటి పొపాయ్ కార్టూన్ కోసం. పాట చివర రెండుసార్లు మోగే స్టీమర్ కూత కూడా దాంతో పాటే పుట్టింది. దానికి ముందు టైటిల్స్‌లో వచ్చే గెంతులాటి ట్యూన్ 'సెయిలర్స్ హార్న్‌పైప్', అది పాతకాలపు నావికుల నాట్యపు వరస. ఎవరి సొత్తూ కాదు.

వుడీ వుడ్‌పెకర్ నవ్వు ముందా, పాట ముందా?

నవ్వే ముందు. 1940లో వుడీ మొదటిసారి వచ్చినప్పుడు నవ్వింది మెల్ బ్లాంక్. ఎనిమిదేళ్ళ తర్వాత జార్జ్ టిబుల్స్, రేమీ ఇడ్రిస్ ఆ నవ్వు చుట్టూ పాట కట్టారు. కే కైజర్ బృందం రికార్డు 1948లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. 'వెట్ బ్లాంకెట్ పాలసీ' అనే కార్టూన్లో వాడటంతో ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. పొట్టి కార్టూన్ పాటకి ఆ గౌరవం దక్కడం అరుదు.

పింక్ పాంథర్ ట్యూన్ కార్టూన్‌ది కాదా?

మొదట కాదు. 1963లో బ్లేక్ ఎడ్వర్డ్స్ తీసిన సినిమా టైటిల్స్‌కి హెన్రీ మాన్సిని చేసింది. ఆ సినిమాలో పింక్ పాంథర్ అంటే ఒక వజ్రం. టైటిల్స్ కోసం డిపాటీ-ఫ్రెలెంగ్ సంస్థ గులాబీ రంగు చిరుతని గీసింది. మాన్సిని ముందుగా ఒక టెంపో ఇచ్చాడు, ఆ టెంపోకి వాళ్ళు బొమ్మ కదిలించారు, దాని మీద ఆయన సంగీతం పూర్తి చేశాడు. టెనర్ శాక్సోఫోన్ ప్లాస్ జాన్సన్‌ది. టైటిల్స్‌కే జనం చప్పట్లు కొట్టడంతో 1964లో చిరుతకి సొంత కార్టూన్లు మొదలయ్యాయి, మొదటిదానికే ఆస్కార్ వచ్చింది.

దాన్ని కీబోర్డు మీద వాయిస్తే అలా రావడం లేదు, ఎందుకు?

రెండు కారణాలు. మొదటిది నడక. రాత ప్రకారం సమానంగా వాయిస్తే చచ్చిపోతుంది. చిన్న స్వరం, పెద్ద స్వరం ఒకటికి రెండు చొప్పున, అంటే తిశ్ర నడకలో, పడాలి. చిన్న స్వరం బీటు మీద కాదు, తర్వాతి బీటుకి సరిగ్గా ముందు అంటుకుని ఉండాలి.

రెండోది స్వరాలు. ఇ మైనర్‌లో ఉంటుంది. 'ఇ'ని షడ్జం అనుకుంటే మొదటి ముక్క కాకలి నిషాదం నుంచి షడ్జానికి, చతుశ్రుతి రిషభం నుంచి సాధారణ గాంధారానికి. ఆ రెండూ మళ్ళీ వచ్చాక పైన శుద్ధ ధైవతం, పంచమం, అక్కడి నుంచి స, గ, ప మీదుగా ఎక్కి ప్రతి మధ్యమం మీద చాలాసేపు నిలబడుతుంది. ఆ నిలుపు ట్యూన్‌కి ప్రాణం. దిగేటప్పుడు శుద్ధ మధ్యమం, గాంధారం, షడ్జం, కైశికి నిషాదం, మళ్ళీ షడ్జం. రెండు మధ్యమాలు, రెండు నిషాదాలు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న చేయి తెలీకుండానే ఏదో ఒక రాగంలోకి సర్దేసి ప్రతిమధ్యమం రావాల్సిన చోట శుద్ధ మధ్యమమే నొక్కుతుంది. తప్పు అక్కడే.

టీవీ కార్టూన్లకి పాట ఎందుకు వచ్చింది? వాద్య సంగీతం చాలదా?

థియేటర్లో జనం కూర్చునే ఉంటారు. టీవీలో పక్క గదిలో ఉన్న పిల్లాడిని పిలవాలి, ఈ షో ఎవరి గురించో ముప్పై సెకన్లలో చెప్పేయాలి. హన్నా-బార్బెరా సంస్థకి ఆ పని చేసిపెట్టింది హొయ్ట్ కర్టిన్. అసలు ఆయన వాణిజ్య ప్రకటనలకి జింగిల్స్ చేసే మనిషి. 1957లో వాళ్ళు 'రఫ్ అండ్ రెడ్డీ' షో పాట మాటలు ఫోన్లో చదివితే విని, కాసేపటికే తిరిగి ఫోన్ చేసి ట్యూన్ పాడి వినిపించాడు. ఉద్యోగం ఖాయమైంది.

1960లో మొదలైన ఫ్లింట్‌స్టోన్స్‌కి మనందరికీ తెలిసిన పాట మొదటి రెండు సీజన్లలో లేదు. అప్పుడున్నది 'రైజ్ అండ్ షైన్' అనే వాద్య సంగీతం. 'మీట్ ద ఫ్లింట్‌స్టోన్స్' 1962లో మూడో సీజన్‌తో వచ్చింది. పునఃప్రసారాలకి అమ్మేటప్పుడు పాత ఎపిసోడ్ల ముందు కూడా కొత్త పాటే అతికించారు. కాబట్టి టీవీలో చూసి 'మొదటి నుంచీ ఇదే' అనుకోవడంలో ప్రేక్షకుడి తప్పేమీ లేదు.

లోపలి నేపథ్య సంగీతం వేరే కథ. 1958లో అమెరికా వాద్యకారుల సమ్మె జరిగినప్పుడు వార్నర్ కూడా ఆరు కార్టూన్లకి రెడీమేడ్ సంగీతం వాడాల్సి వచ్చింది. కాపిటల్ సంస్థ హై-క్యూ లైబ్రరీ నుంచి టేపులు తీసి జాన్ సీలీ అతికించాడు. 'హకిల్‌బెర్రీ హౌండ్' తొలి ఎపిసోడ్లలోనూ ఆ లైబ్రరీ ముక్కలే. ఒకే బిట్టు రెండు కంపెనీల కార్టూన్లలో వినిపించిందని ఆశ్చర్యపోయేవాళ్ళకి ఇదే జవాబు.

స్పైడర్‌మ్యాన్, స్కూబీ డూ?

1967 స్పైడర్‌మ్యాన్ పాటకి ట్యూన్ బాబ్ హారిస్‌ది, మాటలు మూడు ఆస్కార్లు అందుకున్న పాల్ ఫ్రాన్సిస్ వెబ్‌స్టర్‌వి. పాడినవాళ్ళు కెనడా గాయకులు, రికార్డింగ్ టొరంటోలో. 1969 స్కూబీ డూ పాట డేవిడ్ మూక్, బెన్ రాలీలది, పాడింది లారీ మార్క్స్. ప్రసారానికి కొద్ది రోజుల ముందు హడావుడిగా రికార్డు చేశారు.

దూరదర్శన్లో వచ్చిన మోగ్లీ పాట కూడా విదేశీ ట్యూనేనా?

కాదు. కార్టూన్ 1989 నాటి జపాన్‌ది, కానీ 1993లో దూరదర్శన్ కోసం హిందీ పాట విశాల్ భరద్వాజ్ కొత్తగా స్వరపరిచాడు, మాటలు గుల్జార్‌వి. ఆంధ్రలో, తెలంగాణలో ఆదివారాలు అది విని పెరిగినవాళ్ళు జపాన్ టైటిల్స్‌లో అదే వెతుకుతుంటారు. అక్కడ ఉండదు.

చిన్నప్పుడు టీవీలో విన్న శ్రుతికీ ఇప్పుడు దొరికే రికార్డుకీ తేడా కనిపిస్తోంది. నా చెవి పాడైందా?

మీ చెవి బాగుంది. అప్పట్లో మన టీవీ ప్రసారం పాల్ అనే పద్ధతిలో ఉండేది, సెకనుకి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల ఫిల్ముని దాంట్లోకి ఎక్కించేటప్పుడు మామూలుగా నాలుగు శాతం వేగంగా తిప్పేసేవాళ్ళు. శ్రుతి సుమారు 0.7 సెమీటోన్ పెరుగుతుంది. ఏడు నిమిషాల కార్టూన్ పదిహేడు సెకన్లు తగ్గిపోతుంది. అలాంటి కాపీతో కీబోర్డు కలిపి వాయిస్తే ఏ మెట్టుకీ కుదరదు, రెండు మెట్ల మధ్యలో పడుతుంది. ఆడియో ఎడిటర్లో వేగాన్ని 96 శాతానికి తగ్గించండి. 'శ్రుతి మారకుండా' అన్న ఆప్షన్ ఆపేయాలి, లేకపోతే వేగమే తగ్గి శ్రుతి అలాగే ఉండిపోతుంది. టీవీ కోసమే వీడియో మీద తయారైన తర్వాతి షోలకి ఇది వర్తించకపోవచ్చు, ముందు ఒరిజినల్ నిడివితో పోల్చి చూడండి.

పేరు తెలియని ట్యూన్ మూలం ఎలా కనుక్కోవాలి?

ముందు టైటిల్ కార్డు ఆపి చదవండి. అక్కడ సంగీత దర్శకుడి పేరు ఉంటుంది గానీ వాడిన పాటల పేర్లుండవు. స్టాలింగ్ పేరు ఉంటే అది బజారు పాట కావడానికి ఎక్కువ అవకాశం, బ్రాడ్లీ పేరు ఉంటే తక్కువ.

తర్వాత ట్యూన్‌లో మాటలు, శబ్దాలు లేని ఎనిమిది పది సెకన్లు కత్తిరించి పాట గుర్తుపట్టే యాప్‌కి వినిపించండి. పేలుళ్ళు కలిసుంటే అది గుర్తుపట్టదు, అప్పుడు మీరే హమ్ చేయాలి. వచ్చిన పేరుని వెంటనే నమ్మొద్దు. కవర్ వెర్షన్ (అదే పాటని మళ్ళీ చేసిన రికార్డు) చేసినవాడి పేరే చూపించవచ్చు, అసలు రచయితది కాకపోవచ్చు.

ఆ పేరుని ఆస్కాప్, బీఎంఐ (అమెరికాలో పాటల రాయల్టీ వసూలు చేసేవి) సంస్థల ఉచిత డేటాబేస్‌లో వేయండి. రచయిత, ప్రచురణకర్త రెండూ తేలతాయి. ప్రచురణకర్త కార్టూన్ తీసిన స్టూడియో సొంత సంస్థ అయితే సరైన దారిలో ఉన్నట్టే. చివరి రుజువు క్యూ షీట్. కార్టూన్‌లో ఏ ట్యూన్ ఎన్ని సెకన్లు మోగిందో రాయల్టీ లెక్కల కోసం రాసిపెట్టే పట్టిక అది. కార్టూన్ సంగీతం మీద పరిశోధన చేసేవాళ్ళు నమ్మేది దాన్నే.

నా షార్ట్ ఫిల్ములో, యూట్యూబ్ వీడియోలో వాడుకోవచ్చా?

రెండు హక్కులు వేరువేరుగా ఉంటాయి: రచనకి ఒకటి, రికార్డింగ్‌కి ఒకటి. ట్యూన్‌ని మీరే కీబోర్డు మీద వాయించి పెట్టినా రెండోది తప్పుతుంది, మొదటిది తప్పదు. సినిమాలో జతచేయడానికి అనుమతి ప్రచురణకర్త ఇవ్వాలి. 'పది సెకన్లలోపు అయితే ఫర్వాలేదు' అన్నది వాట్సాప్ చట్టం, నిజం చట్టంలో అలాంటి లెక్క లేదు.

అమెరికాలో ఆ కాలపు రచనకి ప్రచురణ నుంచి 95 ఏళ్ళు. ఆ లెక్కన 'మెర్రిలీ వి రోల్ ఎలాంగ్' 2031 జనవరి 1న, లూనీ ట్యూన్స్ ట్యూన్, 'పవర్‌హౌస్' 2033 జనవరి 1న స్వేచ్ఛ పొందుతాయి. రికార్డింగుల గడువు ఇంకా పొడుగు: 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య వచ్చినవి 2067 ఫిబ్రవరి దాకా అక్కడ రక్షణలోనే ఉంటాయి. భారత చట్టంలో రచనకి రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు, కలిసి రాసినవాళ్ళుంటే చివరివాడు పోయిన దగ్గర్నుంచి. రికార్డింగ్‌కి విడుదల నుంచి 60.

కార్టూన్ వాసన కావాలి, డబ్బు కట్టలేరు అంటే లిస్ట్ రాప్సోడీ, రొస్సీని 'విలియం టెల్', 'సెయిలర్స్ హార్న్‌పైప్' తీసుకోండి. రచనలు ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి. ఇంటర్నెట్‌లో దొరికిన రికార్డింగ్ మాత్రం దించుకోవద్దు, మీ వాళ్ళ చేతే వాయించుకోండి. అయినా యూట్యూబ్ యాంత్రికంగా క్లెయిమ్ వేస్తుంటుంది, ఎందుకంటే ఎవరి రికార్డింగ్‌తోనో పోలిక కనిపిస్తుంది. డిస్ప్యూట్ పెట్టేటప్పుడు రచయిత మరణించిన సంవత్సరం, వాయించినవాళ్ళ పేర్లు, మీ రికార్డింగ్ తేదీ రాయండి. ఒక్కో వాయిద్యం విడిగా ఉండే మల్టీట్రాక్ ఫైలు తీసేయకుండా దాచుకోండి.